అడుగుండ్రి చెప్తా: గెట్టు రాయి జరిగితే పంచాది, మరి దేశాల హద్దు జరిగితే?

కిందటి సంచికల రాయబారుల గురించి రెండు ముక్కలు రాసి వదిలేసిన, అది చాలదని మీరంత గుర్రుమన్నరు. ఉత్తరాలల, వాట్సాప్‌ల వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్క ముచ్చట చుట్టే తిరుగుతున్నయి, చిన్న సంగతికి రెండు దేశాలు మొఖాలు మాడ్చుకుంటే మళ్ల ఎట్ల సర్దుకుంటయి అని. సరే, ఈసారి మొత్తం ఇదే.

ప్రశ్న: అన్నా, మాది పరకాల దగ్గర. మా నాయినకు, పక్క పొలమాయనకు గెట్టు మీద లొల్లి. హద్దు రాయిని ఆయన రెండు గజాలు మా దిక్కు జరిపిండు. పెద్దమనుషుల ముంగట కూసుంటే ఒక్క పూటల తెగింది. దేశాల నడుమ గిట్లైతే ఎవల ముంగట కూసుంటరు?
ఒక డిగ్రీ స్టూడెంట్, పరకాల

జవాబు: తమ్మీ, అచ్చం మీ నాయిన పంచాది లాంటిదే రెండు దేశాల నడుమ అయ్యింది, నవ్వులాట కాదు. 2021ల బెల్జియంల ఎర్కెలిన్ అనే ఊరి దగ్గర ఒక రైతు తన ట్రాక్టర్‌కు అడ్డమొస్తుందని ఒక పాత రాయిని తీసి అవతల పెట్టిండు. ఆయనకు అది ఉత్త రాయి. కానీ అది నెపోలియన్ ఓడిపోయినంక హద్దులు గీసేటప్పుడు 1819ల నాటిన రాయి, ఇవాళ బెల్జియంకు ఫ్రాన్స్‌కు నడుమ హద్దు అదే. రాయి 2.29 మీటర్లు ఫ్రాన్స్ దిక్కు జరిగింది, అంటే బెల్జియం అంత మేర పెద్దగైంది, ఫ్రాన్స్ చిన్నగైంది, రైతుకు సోయే లేదు. ఆ అడివిల తిరుక్కుంట పోయిన ఒక చరిత్ర పిచ్చి ఉన్నాయన చూసి పట్టుకున్నడు. మరి ఏం చేసిన్రు, సైన్యాన్ని పంపిన్రా? రెండు దిక్కుల మేయర్లు నవ్వుకున్నరు. రైతుకు మంచిగ చెప్పి రాయి ఎనుకకు పెట్టిద్దాం, వినకుంటే 1930 నుంచి మూలకు పడ్డ సరిహద్దు కమిషన్‌ను లేపాల్సొస్తది అనుకున్నరు, అంతే.

అదే 1859ల ఏమైందో చూడు. అమెరికాకు, అప్పటి బ్రిటిష్ కెనడాకు నడుమ శాన్ జువాన్ అనే దీవి, అది ఎవలదో ఎవలికీ సరిగ తెల్వదు. అమెరికా రైతు ఒకాయన తన ఆలుగడ్డల చేన్ల పడ్డ పందిని కాల్చిండు. పంది ఏమో బ్రిటిషోళ్ల హడ్సన్స్ బే కంపెనీది. ఆయన 10 డాలర్లు ఇస్తా అన్నడు, వీళ్లు 100 అడిగిన్రు. మన ఊర్లెనైతే ఈడికే ఒక మనిషి నడుమల దూరి 50కి తెంపేటోడు. అక్కడ తెగలే. అమెరికా 66 మంది సైనికులను దించింది, అటు నుంచి యుద్ధ నౌకలొచ్చినయి, ఆగస్టు కల్లా ఇటు 400 మంది పైన, అటు 2,000 మంది పైన, నడుమల ఫిరంగులు. సైనికులను దింపుమని బ్రిటిష్ గవర్నర్ ఆర్డరేస్తే అడ్మిరల్ బెయిన్స్ అనే ఆయన ఒక పంది కోసం రెండు పెద్ద దేశాలను యుద్ధంల దించుడు నాతోటి కాదని ఆర్డర్‌నే పక్కకు పెట్టిండు. ఆ ఒక్క మనిషి మొండికెయ్యకపోతే ఏమయ్యేదో. తర్వాత 12 ఏండ్లు దీవి మీద ఆ కొసకు వీళ్లు, ఈ కొసకు వాళ్లు క్యాంపులేసుకొని కూసున్నరు, ఆఖరికి జర్మనీ చక్రవర్తిని పెద్దమనిషిగ కూసోబెడితే 1872ల దీవి అమెరికాదని తేల్చిండు. మొత్తం లొల్లిల చచ్చింది ఆ పందొక్కటే.

ఇగ నీ ప్రశ్నకు వస్తే, దేశాలకు కుల పెద్ద లేడు, సర్పంచ్ లేడు. హేగ్‌ల అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్నది కానీ రెండు దిక్కులోళ్లు ఏదో ఒక తీరుగ ఒప్పుకున్నప్పుడే అది కేసు పడుతది. అందుకే కోపం చూపెట్టుడుకు మెట్లు పెట్టుకున్నరు. మొదటి మెట్టు, అవతలి రాయబారిని విదేశాంగ శాఖకు పిలిపించుడు. పిలిచింది జాయింట్ సెక్రటరీనా, విదేశాంగ కార్యదర్శా అన్నదాన్ని బట్టి కోపం ఎంత ఉన్నదో తెలుస్తది. పిలిచిన ముచ్చట ప్రెస్‌కు చెప్పిన్రా లేదా అన్నది ఇంకో కొలత. చేతిల పెట్టే కాగితాన్ని నోట్ వెర్బేల్ అంటరు. నాకు మస్తు నచ్చే సంగతేందంటే ఎంత గరం మీద రాసినా ఆ కాగితం మొదలు ఫలానా రాయబార కార్యాలయానికి మా అభినందనలు అనే ఉంటది, ఆఖరుకు మీ మీద మాకు అత్యంత గౌరవం అనే ముగుస్తది, తిట్లన్నీ నడుమల. పైమెట్లు ఏందంటే మన రాయబారిని సంప్రదింపుల కోసం అని ఇంటికి పిలిపించుకునుడు, ఆ తర్వాత వాళ్ల మనిషిని ఎల్లగొట్టుడు. మెట్టు మెట్టుకు ఆగొచ్చు, అదే దీనిల ఉన్న సుఖం.

ప్రశ్న: సార్, 2013ల అమెరికాల మన దౌత్యవేత్తను అరెస్ట్ చేస్తే మన సర్కారు పోయి ఢిల్లీల వాళ్ల ఎంబసీ ముంగట బారికేడ్లు పీకింది. గింత పెద్ద దేశం చేసే పనేనా అది? చిన్నపిల్లల కొట్లాట లెక్క అనిపియ్యలేదా?
పోటీ పరీక్షలకు చదువుతున్న యువతి, హన్మకొండ

జవాబు: నాకు అప్పుడు గట్లనే అనిపించింది. ఇప్పుడు అనిపిస్తలేదు, ఎందుకో చెప్తా.

2013 డిసెంబర్ 12న న్యూయార్క్‌ల మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను బిడ్డను బడి దగ్గర దింపినంక అరెస్ట్ చేసిన్రు. పనిమనిషి వీసా కాగితాలల జీతం తప్పు చూపెట్టిందని కేసు. బట్టలిప్పించి సోదా చేసిన్రు, 2,50,000 డాలర్ల పూచీకత్తు మీద వదిలిన్రు. ఇక్కడ లా పాయింట్ ఉన్నది, పరీక్షకు పనికొస్తది రాసుకో. రాయబార కార్యాలయపోళ్లకు 1961 వియన్నా ఒప్పందం, వాళ్ల మీద చెయ్యి వెయ్యొద్దు. కాన్సులేట్‌ల పని చేసేటోళ్లకు 1963ది వేరే ఒప్పందం, వాళ్లకు రక్షణ తక్కువ, ఆఫీస్ పనికి సంబంధించిన వాటి వరకే గట్టిగ ఉంటది, పెద్ద నేరమైతే అరెస్ట్ చెయ్యొచ్చు. అమెరికా దీన్ని పట్టుకున్నది. మనోళ్లేమో పెద్ద నేరమేంది, అది జీతం లొల్లి, ఆడమనిషికి సంకెళ్లేంది అన్నరు.

మనోళ్లు ఏం చేసిన్రంటే, డిసెంబర్ 17న ఢిల్లీ చాణక్యపురిల న్యాయ మార్గ్ మీద అమెరికా ఎంబసీ ముంగట రోడ్డుకు అడ్డంగ పెట్టిన సిమెంటు దిమ్మెలను బండ్లు తెచ్చి లేపుకపోయిన్రు. టీవీలల రోజంత అదే. అమెరికా కాన్సులేట్లోళ్ల గుర్తింపు కార్డులు వాపస్ ఇయ్యుమన్నరు, ఎయిర్‌పోర్ట్ పాసులు తీస్కున్నరు, ఎంబసీకి పన్ను లేకుంట వచ్చే సామాన్లు, దాంట్ల మందు సీసాలు కూడ, వాటికి క్లియరెన్స్ ఆపిన్రు. తర్వాత ఎంబసీ లోపల నడిచే క్లబ్బుల బయటోళ్లకు వ్యాపారం బంద్ పెట్టుమన్నరు. వీటిల చాన మటుకు ఏంది, ఒప్పందం ప్రకారం ఇయ్యాల్సినవి కావు, దోస్తానా మీద ఎక్కువ ఇచ్చినవి. ఇచ్చినోళ్లం మేమే, తీస్కున్నోళ్లం మేమే. ఎంబసీ కాంపౌండ్ గోడకు చెయ్యి పెట్టలే, రాయబారి మీద చెయ్యి ఎయ్యలే, ఎందుకంటే అది పెడితే మనమే వియన్నా ఒప్పందం తప్పినోళ్లం అయితుంటిమి. దిమ్మెలు మళ్ల తెచ్చి పెట్టుకోవచ్చు, అందుకే దిమ్మెల మీద పడ్డరు. ఎన్నికలు దగ్గర్ల ఉన్నయి, జనం ఉడికిపోతున్నరు, వాళ్లకు కండ్లకు కనపడేది ఏదో ఒకటి చూపెట్టాలె. అవతలోళ్లకు ఎనుకకు వచ్చే తొవ్వ కూడ మిగలాలె.

ఇటు దిమ్మెలు లేస్తుంటే అటు అసలు పని నడిచింది. అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ మన జాతీయ భద్రతా సలహాదారు శివశంకర్ మీనన్‌కు ఫోన్ చేసి విచారం చెప్పిండు. మనోళ్లు ఆమెను న్యూయార్క్‌లనే ఐక్యరాజ్యసమితి దగ్గర ఉన్న మన మిషన్‌కు బదిలీ చేసిన్రు, దానితోటి ఆమెకు పూర్తి రక్షణ వచ్చింది. జనవరి 9న ఒక దిక్కు చార్జిషీట్, ఇంకో దిక్కు ఆమె విమానం ఎక్కుడు. లెక్క సమం కావాలె గద, ఢిల్లీ నుంచి ఆమె స్థాయి ఉన్న అమెరికా అధికారిని ఒకరిని తీస్కపొమ్మన్నరు, తీస్కపోయిన్రు. 2015 రిపబ్లిక్ డేకు ముఖ్య అతిథి ఎవరో యాదికి తెచ్చుకో, ఒబామా.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. ఆ పనిమనిషి కూడ మన దేశపామెనే. ఆమె జీతం ముచ్చట మన టీవీలల ఎవ్వరూ ఎత్తలే. దేశం ఇజ్జత్ అని మొదలైతే గట్ల కొన్ని మాటలు కింద పడిపోతయి.

ప్రశ్న: సారీ చెప్పుడుకు, విచారం వ్యక్తం చేసుడుకు తేడా ఏంది? పేపర్‌ల ఎప్పుడూ విచారమే ఉంటది, సారీ ఉండదు.
ఒక బ్యాంక్ ఉద్యోగి, కరీంనగర్

జవాబు: సారీ అంటే తప్పు నాది అని ఒప్పుకున్నట్టు, తర్వాత పైసలు అడుగుతరు. విచారం అంటే గట్ల కాకుండాల్సింది అన్నట్టు, తప్పెవలదో గాలిల ఉంటది. ఈ సందుల ఎన్ని పంచాదులు తెగినయో.

2001 ఏప్రిల్ 1న చైనా దగ్గర సముద్రం మీద అమెరికా నిఘా విమానం, చైనా ఫైటర్ ఒకదానికొకటి తగిలినయి. చైనా పైలట్ పోయిండు, అమెరికా విమానం ఎట్లనో హైనాన్ దీవిల దిగింది, 24 మంది సిబ్బందిని చైనా పట్టుకున్నది. క్షమాపణ చెప్తేనే వదుల్తం అని చైనా, మా తప్పు లేదు చెప్పం అని అమెరికా. పదకొండు రోజులు ఒక్క మాట చుట్టూ బేరం. ఆఖరికి అమెరికా రాయబారి ఉత్తరం రాసిండు, మీ పైలట్ పోయినందుకు వెరీ సారీ, పర్మిషన్ లేకుంట మీ దగ్గర దిగినందుకు వెరీ సారీ అని. విమానాలు తగిలినందుకు మాత్రం సారీ లేదు చూడుండ్రి. దాన్ని చైనా తన భాషల క్షమాపణ వాసన వచ్చే మాటతోటి జనానికి చెప్పింది, అమెరికా తన జనానికి అది క్షమాపణ ఉత్తరం కాదన్నది. ఒక్క కాగితం, రెండు దిక్కుల గెలుపు. కానీ చైనా ఆ విమానాన్ని ఎగిరి పోనియ్యలే, ముక్కలు ముక్కలు విప్పి రష్యన్ కార్గో విమానంల ఎక్కించుకొని తీస్కపొమ్మన్నది, జులైల తీస్కపోయిన్రు. కోపం అక్కడ తీర్చుకున్నరన్నట్టు.

మన దగ్గర ఇంకా దగ్గరి ఉదాహరణ ఉన్నది. 2022 మార్చి 9 సాయంత్రం మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌ల మియాన్ చన్ను దగ్గర, లోపలికి 124 కిలోమీటర్ల దూరంల పడ్డది. దాంట్ల మందుగుండు లేదు, ఎవలకూ ఏం కాలే. దీన్ని చిన్న సంఘటన అనాల్నా పెద్దది అనాల్నా మీరే చెప్పుండ్రి, రెండు దిక్కుల అణుబాంబులున్నయి. రెండు రోజులకు మన రక్షణ శాఖ ప్రకటన ఇచ్చింది, సాంకేతిక లోపం, తీవ్ర విచారకరం, ప్రాణనష్టం లేనందుకు ఊరట, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ ఏసినం. సారీ లేదు. పాకిస్తాన్ మన ఛార్జ్ డి అఫైర్స్‌ను పిలిపించి గట్టిగ నిలదీసింది, ఎందుకంటే 2019 ఆగస్టు నుంచి రెండు దిక్కుల హైకమిషనర్లే లేరు, ఉన్నది ఆ కింది మనిషే. కలిసి విచారణ చేద్దాం అన్నరు, మనోళ్లు ఊ అనలే. ఆగస్టుల ముగ్గురు ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లను తీసేసినం. నాకు అడిగితే ఆ రెండు రోజులు మౌనం ఎక్కువైంది, పొరపాటు మనదైనప్పుడు అదే రాత్రి చెప్పుడు నయం. అవతలోడు దాన్ని దాడి అనుకోలే గనుక బతికినం.

ప్రశ్న: అన్నా నమస్తే. మా ఇంటాయన దోహాల డ్రైవర్. 2022 జూన్‌ల టీవీల ఎవలో ఏదో అన్నరని గల్ఫ్ దేశాలన్నీ కోపానికొచ్చినయి గద, అప్పుడు వారం రోజులు నాకు నిద్ర లేదు. గిట్లాంటప్పుడు మనోళ్ల కొలువులకు ఏమన్న అయితదా?
ఒక చెల్లె, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లే, నీ భయం ఉత్తది కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు ఏ వాడకు పోయినా గల్ఫ్‌ల ఒక మనిషి ఉన్న ఇల్లే, ఢిల్లీ స్టూడియోల ఒకలు నోరు జారితే ఇక్కడ కుండల బువ్వ ఆగిపోతదా అని గుబులైతది.

అప్పుడేమైందంటే, ఒక టీవీ డిబేట్‌ల అధికార పార్టీ ప్రతినిధి ప్రవక్త మీద చేసిన వ్యాఖ్యలకు 2022 జూన్ 5న ఖతార్ మన రాయబారిని పిలిపించి నిరసన కాగితం చేతిల పెట్టింది. అదే రోజు మన తెలుగాయన, ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు, దోహాలనే అధికారిక పర్యటనల ఉన్నరు. ఇంటికి చుట్టం వచ్చి కూసున్న రోజే పంచాది పెట్టినట్టు, అంతకంటే ఇబ్బంది ఉంటదా. కువైట్, ఇరాన్ కూడ గట్లనే పిలిపించినయి. పార్టీ ఆమెను సస్పెండ్ చేసింది, ఢిల్లీ మీడియా ఇన్‌ఛార్జ్‌ను తీసేసింది, మన ఎంబసీ ఆ మాటలు సర్కారు మాటలు కావన్నది. ఆ ముక్క మీదనే మొత్తం ఆగింది. ఖతార్ కోరింది వాళ్ల జనానికి చూపెట్టుకునే ఒక మాట, అది దొరికింది. వెంకయ్యనాయుడు పర్యటన నడుమల ఆపుకొని రాలే, గ్యాస్ ఓడలు ఆగలే, మనోళ్ల కొలువులు పోలే. గ్యాస్ మనకు కావాలె, మన మనుషులు వాళ్లకు కావాలె, ఈ రెండు ఉన్నంక ఒక రాయబారిని పిలిపించుడుతోటి డ్రైవర్ కొలువు పోదు.

కానీ ఒకటి పైలం. అటువంటి దినాలల మీ ఆయన ఫేస్‌బుక్‌ల గాని వాట్సాప్ స్టేటస్‌ల గాని మతం మీద, ఆ దేశం మీద ఒక్క ముక్క పెట్టొద్దని చెప్పు, ఫార్వర్డ్ కూడ వద్దు. 2020ల కరోనా టైంల గట్ల పోస్టులు పెట్టి ఎమిరేట్స్‌ల కొలువులు పోగొట్టుకున్న మన దేశపోళ్లు ఉన్నరు. దేశాలు సర్దుకుంటయి, కంపెనీ మేనేజర్ సర్దుకోడు.

ప్రశ్న: బ్రో, 2024 జనవరిల అందరూ బాయ్‌కాట్ అంటే మేం మాల్దీవ్స్ హనీమూన్ క్యాన్సిల్ చేసుకున్నం. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతది. మేం చేసింది కరెక్టేనా?
పేరు వద్దు, కాజీపేట

జవాబు: మీ ఆవిడ దిక్కే నేను. ప్రధాని లక్షద్వీప్ ఫోటోల మీద అక్కడి ముగ్గురు ఉప మంత్రులు పిచ్చి రాతలు రాసిన్రు, వాళ్ల సర్కారు ఆ ముగ్గురిని అప్పుడే సస్పెండ్ చేసింది, మనోళ్లు వాళ్ల హైకమిషనర్‌ను పిలిపించిన్రు. ప్రభుత్వాల లెక్కల ఆ పంచాది ఆడికే సగం తెగింది. జనం లెక్కల తెగలే. మే నెల కల్లా అక్కడున్న మన సైనికులు వాపస్ వచ్చిన్రు, హెలికాప్టర్లు చూసుకునేటందుకు వాళ్ల జాగల సివిలియన్ టెక్నీషియన్లు పోయిన్రు, పని అదే నడిచింది. జూన్‌ల వాళ్ల ప్రెసిడెంట్ ముయిజ్జు మన ప్రధాని ప్రమాణ స్వీకారానికి ఢిల్లీ వచ్చిండు, అక్టోబర్‌ల మళ్ల వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్‌కు, అంటే రెండు దేశాలు పైసలు మార్చుకునుడుకు, ఒప్పందం చేసుకున్నడు, 2025 జులైల మన ప్రధాని మాలే పోయిండు. వాళ్లంత కలిసిన్రు, మీ ఇద్దరిదే బాకీ ఉన్నది. టికెట్లు బుక్ చెయ్యి.

ప్రశ్న: మా పిలగాడు అమెరికాల ఎంఎస్‌కు పోతున్నడు. అక్కడ ఏదన్న కేసుల ఇరుక్కుంటే మన సర్కారు విడిపిస్తదా?
ఒక తండ్రి, మహబూబాబాద్

జవాబు: విడిపియ్యదు. చూస్తది, అడుగుతది, లాయర్‌ను చూపిస్తది. 1963 ఒప్పందంల 36వ అధికరణ ఉన్నది, విదేశీయున్ని పట్టుకుంటే మీ కాన్సులేట్‌కు చెప్పాల్నా అని అడగాలె, ఆలస్యం చెయ్యొద్దు. మీ పిలగానికి ఇది నేర్పియ్యుండ్రి, మా కాన్సులేట్‌కు చెప్పుండ్రి అని అడుగుడు వాని హక్కు. డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అమెరికా పోలీసులే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి వల ఏసిన్రు, 2019 జనవరిల పట్టుకున్న 130 మంది స్టూడెంట్లల 129 మంది మనోళ్లు, తెలుగు పిల్లలు మస్తు మంది. ఢిల్లీల మనోళ్లు అమెరికా ఎంబసీకి డిమార్ష్ ఇచ్చిన్రు, అంటే అధికారికంగ నిలదీసిన కాగితం, పిల్లలను వాళ్లను చేర్పించిన దళారులను ఒక్క గాటన కట్టొద్దు, మమ్ముల కలువనియ్యుండ్రి అని. 24 గంటల ఫోన్ పెట్టిన్రు. కానీ కేసులు మాఫ్ కాలే, చాన మంది తిరిగొచ్చిన్రు. చేర్పించినందుకు జైలుకు పోయిన దళారులు కూడ తెలుగోళ్లే, అది మన సిగ్గు. కాలేజీల క్లాసులు నడుస్తయా లేదా అని ముందుగాలనే చూసుకోండ్రి, దౌత్యం ఆ తర్వాత ముచ్చట.

ప్రశ్న: మన పీవీ గారు విదేశాంగ మంత్రిగా, ప్రధానిగా ఈ చిన్న చిన్న గొడవల విషయంలో ఏమన్నా చేశారా? ఎప్పుడూ ఆర్థిక సంస్కరణలే చెప్తారు.
విశ్రాంత ఉపాధ్యాయులు, నర్సంపేట

జవాబు: సార్, లక్నేపల్లి మీ మండలమే గద, మీరే అడగాలె ఈ ప్రశ్న. 1993 సెప్టెంబర్ 7న పీవీ బీజింగ్‌ల ఉండంగ చైనాతోటి ఒక ఒప్పందం అయ్యింది, వాస్తవాధీన రేఖ పొంటి శాంతి కోసం. హద్దు ఎవలిదో దాంట్ల తేల్చలే, కావాలనే తేల్చలే. ఒకలి సైనికులు గీత దాటిన్రని అవతలోళ్లు చెప్తే ఎంటనే ఎనుకకు రావాలె, గీత ఎక్కడున్నదో తేడా వస్తే ఇద్దరూ కలిసి చూసుకోవాలె, ఇది దాంట్ల మాట. అంటే పెద్ద పంచాదిని పక్కకు పెట్టి, చిన్న పంచాది పెద్దగ కాకుంట చూసుడు. దాని మీద 1996ల ఇంకో ఒప్పందం అయ్యింది, గీతకు రెండు కిలోమీటర్ల లోపట తుపాకులు పేల్చొద్దని.

దీన్ని నేల మీద ఎట్ల చేసిన్రో వింటే నవ్వొస్తది. పెట్రోలింగ్‌కు పోయినోళ్లు బట్ట బ్యానర్లు చుట్టుకొని పోతరు. ఎదురుంగ చైనోళ్లు కనబడితే తుపాకి తియ్యరు, బ్యానర్ ఇప్పి పట్టుకొని నిలబడ్తరు, ఇది మా జాగ ఎనుకకు పోండ్రి అని ఇంగ్లీషుల, చైనీస్‌ల రాసి ఉంటది. వాళ్లూ వాళ్ల బ్యానర్ పట్టుకుంటరు. చలిల గట్ల కాసేపు నిలబడి ఎవల తొవ్వన వాళ్లు పోతరు. ఏండ్ల తరబడి అట్లనే గడిచింది. 2020 జూన్ 15న గల్వాన్‌ల మాత్రం ఆగలే, మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుతోటి 20 మంది పోయిన్రు. అప్పుడు కూడ తుపాకి పేలలే సార్, రాళ్లతోటి, కట్టెలతోటి కొట్టుకున్నరు. ఒప్పందం అంతవరకే ఆపగలిగింది.

ప్రశ్న: పర్సోనా నాన్ గ్రాటా అంటే తిట్టా?
ఇంటర్ స్టూడెంట్, భూపాలపల్లి

జవాబు: తిట్టు కాదు, నువ్వు మాకొద్దు అని లాటిన్‌ల చెప్పుడు. 1961 ఒప్పందం 9వ అధికరణ ప్రకారం రాయబారిని ఎందుకు వద్దంటున్నరో కారణం కూడ చెప్పనక్కరలేదు, మూటముల్లె సర్దుకొని పోవాల్సిందే. బతుకమ్మకు ఒకసారి, దసరాకు ఒకసారి మా అత్తగారింట్ల నాకు అయ్యింది, వాళ్లు కారణం కూడ చెప్పిన్రు.